తోడేలుకు పురుగు పేరెందుకు?

ఈసారి ‘మాటల పుట్టుక’ శీర్షికకు అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం టర్కిక్ భాషల (అంటే టర్కిష్, దాని చుట్టపు భాషల) తోడేలు చుట్టూనే తిరిగాయి. అందుకే దానికే ఎక్కువ చోటిచ్చాం. ఒక చిన్న గమనిక: ఆ భాషల్లో పెదవులు గుండ్రంగా పెట్టి ‘ఎ’ అంటే వచ్చే అచ్చు ఒకటుంది. దానికి తెలుగులో అక్షరం లేదు కాబట్టి ‘ఒ’ గుణింతంతోనే రాస్తున్నాం.

ప్రశ్న: టర్కిష్ నేర్చుకుంటున్నాను. నిఘంటువులో ‘కుర్త్’ అనే మాటకు తోడేలు అనీ, పురుగు అనీ రెండర్థాలు ఉన్నాయి. ఇవి ఒకేలా పలికే రెండు వేరువేరు మాటలా, ఒకే మాటా? ఒకటే అయితే ఏ అర్థం ముందుది?

ఒకే మాట. పురుగు ముందు, తోడేలు తర్వాత.

టర్కిష్ ఒక్కదాన్నే చూస్తూ కూర్చుంటే ఇది ఎప్పటికీ తేలదు. చుట్టాలందర్నీ పిలిపించాలి. కజక్‌లో, ఉజ్బెక్‌లో, ఉయ్‌గుర్‌లో ‘కుర్త్’ అంటే పురుగే. ఉజ్బెక్‌లో పట్టుపురుగు ‘ఇపాక్ కుర్తి’. తాతార్‌లో ఇది ‘కోర్త్’ అవుతుంది, అక్కడ ‘బల్ కోర్తీ’ అంటే తేనెపురుగు, అంటే తేనెటీగ. బష్కిర్‌లోనూ అంతే. ఇక చువాష్ ఉంది. వోల్గా నది ప్రాంతపు ఈ భాష మిగతా టర్కిక్ భాషలన్నిటి కంటే ముందే విడిపోయి వేరే దారి పట్టింది. అందుకే ఏ మాట వయసు తేల్చాలన్నా మొదట దాని గడపే తొక్కుతారు. చువాష్‌లో ‘ఖుర్త్’ అంటే పురుగు, తేనెటీగ. తోడేలన్న అర్థం లేదు. విడిపోయిన తోబుట్టువుల దగ్గర కూడా పురుగే కనిపిస్తోందంటే అది ఉమ్మడి ఆస్తి అన్నమాట.

తోడేలన్న అర్థం ఒక్క ఒగుజ్ శాఖలోనే ఉంది. టర్కిష్, అజర్‌బైజానీ, తుర్క్‌మెన్, గగౌజ్ భాషలు ఈ శాఖవి. మిగతా శాఖల్లో తోడేలుకు వేరే పేరుంది: ఉజ్బెక్, ఉయ్‌గుర్, కిర్గిజ్, తాతార్, తువా, యాకుత్ భాషల్లో కొద్దిపాటి తేడాలతో ‘బొరి’, ‘బొరు’, ‘బురె’, ‘బొరొ’. అసలైన పాత పేరు ఇదే.

రాతలో దీనికి సాక్ష్యం గట్టిగా ఉంది. మంగోలియాలోని ఒర్ఖోన్ లోయలో క్రీ.శ. 732లో కుల్ తెగిన్ అనే రాకుమారుడి స్మారకంగా నిలబెట్టిన రాతి శాసనంలో అతని అన్న బిల్గె ఖగాన్ తమ తండ్రి సేన గురించి చెప్పిస్తాడు: ఆ సేన ‘బొరి తెగ్ ఎర్మిష్’, శత్రువులు ‘కొఞ్ తెగ్ ఎర్మిష్’. తోడేళ్లలా ఉంది సేన, గొర్రెల్లా ఉన్నారు శత్రువులు. ఈ లిపిని 1893లో డెన్మార్క్ పండితుడు విల్‌హెల్మ్ తామ్సెన్ చదివి చెప్పేదాకా ఆ రాళ్లు ఏం మాట్లాడుతున్నాయో ఎవరికీ తెలియలేదు. శాసనం కంటే ముందటి ఆనవాలు చైనా వాళ్ల రాతల్లో దొరుకుతుంది. 7వ శతాబ్దంలో కూర్చిన చౌ వంశ చరిత్ర, తుర్కు రాజుల అంగరక్షకులను ‘ఫూలీ’ అంటారనీ, ఆ మాటకు అర్థం తోడేలనీ చెబుతుంది. ‘బొరి’ని చైనా లిపిలో పట్టుకోబోతే అలా తేలింది.

ఇక నిర్ణయాత్మకమైన సాక్షి మహమూద్ కాష్గరీ. 1070ల్లో బాగ్దాద్‌లో కూర్చుని టర్కిక్ మాటలకు అరబ్బీలో నిఘంటువు రాసిన మనిషి. ‘కుర్త్’ దగ్గర ఆయన రాసింది రెండు ముక్కలే: తుర్కులందరికీ ఇది పురుగు, ఒగుజ్‌లకు మాత్రం తోడేలు. అంటే 11వ శతాబ్దానికే ఈ మార్పు జరిగిపోయింది, జరిగింది ఒక్క శాఖలోనే. ఇంత స్పష్టంగా తేదీ, చిరునామా రెండూ దొరికే అర్థమార్పులు అరుదు.

మరి పురుగుకూ తోడేలుకూ పోలికెక్కడిది? పోలికే లేదు, ఉన్నదల్లా భయం. గొర్రెల మంద మీద బతికేవాడికి తోడేలు పేరు నోట పలకడమంటే దాన్ని పిలిచినట్టే. అందుకని పేరు దాటేసి ఏదో అల్పమైన మాట అంటాడు. తెలుగువాళ్లకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. చీకటి పడ్డాక పాము అనకుండా ‘పురుగు’ అనడం, పాము కరిస్తే ‘పురుగు ముట్టింది’ అనడం మనకు తెలిసిందే. అక్కడా పురుగే, ఇక్కడా పురుగే. తేడా ఒక్కటి. తెలుగులో పాము అనే పేరు బతికే ఉంది, పురుగు దానికి మారుపేరుగానే మిగిలింది. ఒగుజ్‌లలో మారుపేరే అసలు పేరైపోయి, అసలు పేరు వెనక్కు తగ్గింది.

ప్రశ్న: ‘భయం వల్ల పేరు మార్చారు’ అన్నది ఏ జంతువుకైనా అతికించదగ్గ కథలా ఉంది. రుజువేమిటి?

అనుమానం న్యాయమైనదే. ఒక్క కుర్త్‌ను చూపించి ఈ మాట అంటే మేమూ నమ్మం. పేరు దాటేసే అలవాటు నిజంగా ఉంటే అది ఒక్కసారితో ఆగదు. మారుపేరు కూడా కొన్నాళ్లకు పాతబడి అసలు పేరంత భయపెడుతుంది, అప్పుడు దానికీ మారుపేరు పుడుతుంది. టర్కిక్ తోడేలు విషయంలో సరిగ్గా ఇదే జరిగింది.

తుర్క్‌మెన్ భాష చూడండి. అక్కడ ‘గుర్త్’ అన్నా తోడేలే, కానీ ‘మొజెక్’ అనే మాట కూడా ఉంది. ఈ మొజెక్, టర్కిష్‌లో పురుగునో కీటకాన్నో చెప్పే ‘బొజెక్’ ఒకే మాట. తుర్క్‌మెన్‌లోనే ‘మొర్-మొజెక్’ అంటే పురుగూ పుట్రా. అంటే ఒకసారి పురుగు పేరు పెట్టి, అది చాలక మళ్లీ రెండోసారి పురుగు పేరే పెట్టారు! ఒకే దారి రెండుసార్లు తొక్కారంటే కాకతాళీయం అనడం కష్టం.

అజర్‌బైజానీలో ‘గుర్ద్’ ఉన్నా మామూలు మాటల్లో ‘జనవర్’ అంటారు. గగౌజ్ వాళ్లకూ తోడేలు జనవరే. ఇది పారసీ ‘జానవర్’, ప్రాణమున్నది అని అర్థం. హిందీ తెలిసినవాళ్లు ఇట్టే గుర్తుపడతారు. ‘ఆ ప్రాణి’ అని తప్పించుకోవడమన్నమాట. ఇదే మాట ఇస్తాంబుల్ టర్కిష్‌లో రాక్షసి, భూతం అనే అర్థానికి వెళ్లింది. కజక్ కాపరులు తోడేళ్లను ‘ఇత్-కుస్’ అంటారు, పదానికి పదం చెబితే కుక్కా-పక్షీ. సైబీరియాలోని యాకుత్ వాళ్లు ‘కుతురుక్తాఖ్’ అంటారు, తోక ఉన్నది అని. ఎలుగుబంటికైతే యాకుత్‌లో మరీ మర్యాద: ‘ఎహె’ అంటే తాత, ఎలుగుబంటి అన్నా అదే.

కజక్‌లో ‘బొరి’ పోలేదు, కానీ పాటల్లోకీ ఠీవిగల మాటల్లోకీ చేరింది. రోజువారీ మాట ‘కస్కిర్’. చువాష్‌లో ‘కష్కర్’. మరీ లోతుకు వెళ్లే పాఠకులు ఇక్కడ ఒకటి గమనించవచ్చు. పాత టర్కిక్ ‘క’ చువాష్‌లో ‘ఖ’ కావాలి: నలుపు అనే ‘కర’ అక్కడ ‘ఖుర’, పురుగు ‘కుర్త్’ అక్కడ ‘ఖుర్త్’. తోడేలు మాత్రం ‘ఖ’ కాకుండా ‘క’తోనే ఉంది. కాబట్టి ఇది పాత ఆస్తి కాదు, పొరుగు భాషల నుంచి తర్వాత వచ్చిందనే అనుమానం బలపడుతుంది.

పేరు పలకని భయం వేరు, అయిష్టం వేరు అని కూడా చెప్పాలి. తోడేలంటే ఆ జనాలకు గౌరవం ఎక్కువ. తుర్కు రాజవంశం తమ మూలపురుషుణ్ణి ఆడతోడేలు పెంచిందని చెప్పుకుంది, వాళ్ల జెండా కర్రల మీద బంగారు తోడేలు తల ఉండేది. ఒగుజ్ వీరగాథల్లో తోడేలు ముఖం శుభకరం అన్న మాట వస్తుంది. పేరు పలకకపోవడానికి ఈ గౌరవమూ ఒక కారణమే.

ప్రశ్న: సంస్కృతంలో వృకం, పారసీలో ‘గుర్గ్’, టర్కిష్‌లో ‘కుర్త్’. మూడూ తోడేలే, ధ్వనీ దగ్గరగా ఉంది. ఒకే మూలం నుంచి వచ్చి ఉండవా?

మొదటి రెండూ ఒకే మూలం. మూడోది కాదు.

వృకం, పారసీ గుర్గ్ అన్నదమ్ములు. పాత ఇరానీ ‘వ’ పారసీలో ‘గ’ అయింది. పాత ‘విష్తాస్ప’ అనే రాజు పేరు పారసీలో ‘గుష్తాస్ప్’ అయినట్టే ‘వృక’ ‘గుర్గ్’ అయింది. అంటే మొదటి అక్షరంలోని ‘గ’ తర్వాత వచ్చిన మార్పు. ఇప్పటి గుర్గ్‌ను తెచ్చి ఇప్పటి కుర్త్ పక్కన పెడితే దగ్గరగా కనిపించేది ఈ మార్పు వల్లే. వెనక్కు నడిపిస్తే రెండూ దూరమవుతాయి: ఒకవైపు వృక, ఒకవైపు పురుగు అర్థంగల కుర్త్. పైగా చివరి ‘గ’ ‘త’ అవడానికి ఏ నియమమూ లేదు. భీముడు వృకోదరుడు, తోడేలు కడుపువాడు. బాగా ఆకలేస్తే టర్కిష్‌లో ‘కుర్త్ గిబి’, తోడేలులా ఆకలేసిందంటారు. పోలిక అందంగా కుదిరింది, చుట్టరికం మాత్రం లేదు.

అసలు ఈ ప్రశ్న వేయాల్సింది ‘బొరి’ గురించి. వృకానికి తూర్పు ఇరానీ చుట్టాలున్నాయి: సోగ్దియన్‌లో ‘విర్క్’, ఖోతానీస్‌లో ‘బిర్గ’, కాకసస్‌లోని ఒసెతియన్‌లో ‘బిరగ్’. టర్కిక్ జనాలు శతాబ్దాలపాటు ఇరుగుపొరుగుగా ఉన్నది ఈ ఇరానీ జనాలతోనే కాబట్టి ‘బొరి’ వీళ్ల నుంచే వచ్చిందని చాలామంది పండితులు భావించారు. అడ్డం వచ్చేది చివరి హల్లు. ఇరానీ మాటలన్నిటిలో ఉన్న ‘క’ గానీ ‘గ’ గానీ ‘బొరి’లో ఎక్కడికి పోయింది? దానికి అందరూ ఒప్పుకున్న జవాబు లేదు, అందుకే అరువు వాదం ఇంకా వాదంగానే ఉంది. బొరి కూడా ఒకప్పటి మారుపేరే, పొరుగువాడి మాటతో అసలు పేరు దాటేశారు అని మరో అడుగు వేసేవాళ్లున్నారు. ఆకర్షణీయమైన ఊహే, కానీ మొదటి అడుగే గట్టిపడకుండా రెండో అడుగు వేయడం మాకు నచ్చదు.

ప్రశ్న: కుర్దు జాతి పేరుకూ ఈ కుర్త్‌కూ సంబంధం ఉందా?

లేదు. అది వేరే పేరు, వేరే చరిత్ర. టర్కిష్‌లో కూడా ఆ జాతి పేరు వేరే అచ్చుతో పలుకుతారు.

ప్రశ్న: కజక్‌లో ‘కుర్త్’ అంటే ఎండబెట్టిన పెరుగు ఉండలని చదివాను. అదీ పురుగేనా?

కాదు, ఇది నిజంగానే ఒకేలా పలికే వేరే మాట. కిర్గిజ్‌లో పురుగు ‘కుర్త్’, పెరుగు ఉండ ‘కురుత్’ అని విడిగా ఉన్నాయి. ఆ రెండోది ఎండటం అనే అర్థమున్న ‘కురు’ ధాతువు నుంచి పుట్టింది. కజక్‌లో మధ్య అచ్చు జారిపోయి రెండూ కలిశాయి. కజక్ ఒక్కటే చూసి లెక్క వేస్తే పెరుగుకు పురుగుల కథ అల్లాల్సి వస్తుంది.

ప్రశ్న: టర్కిష్ కథలు అనువదిస్తున్నాను. వాక్యంలో కుర్త్ వస్తే తోడేలో పురుగో ఎలా పోల్చుకోవాలి? విభక్తిలో తేడా ఏమైనా ఉంటుందా?

విభక్తి సాయం చేయదు. అచ్చుతో మొదలయ్యే ప్రత్యయం తగిలితే రెండర్థాల్లోనూ చివరి ‘త’ ‘ద’ అవుతుంది: ‘కుర్దు’, ‘కుర్దున్’. బహువచనం రెండింటికీ ‘కుర్త్‌లర్’. (రెండూ ఒకే మాట అనడానికి ఇదీ ఒక చిన్న ఆధారమే.) కాబట్టి పక్కనున్న మాటలే దిక్కు.

మాట మీద మాట కట్టినప్పుడు ఎక్కువగా పురుగే. ‘కుర్త్‌లు’ అంటే పురుగు పట్టినది, ‘కుర్త్‌లన్మక్’ అంటే పురుగు పట్టడం, ‘కుర్త్‌చుక్’ అంటే పిల్లపురుగు, లార్వా. ముందు తినే వస్తువో ఉండే చోటో వచ్చి వెనక ‘కుర్దు’ వస్తే కూడా పురుగే: ‘ఆచ్ కుర్దు’ చెట్టు పురుగు, ‘కితప్ కుర్దు’ పుస్తకాల పురుగు. కుర్త్ ముందు వచ్చి వెనక ఇంకో ప్రాణి వస్తే మాత్రం తోడేలు: ‘కుర్త్ కొపెయి’ తోడేలు జాతి కుక్క, ‘కుర్త్ అదమ్’ తోడేలు మనిషి.

పప్పులో కాలేసేది జాతీయాల దగ్గరే. ‘ఇచినె కుర్త్ దుష్తు’ అన్నదాన్ని ‘లోపల తోడేలు పడింది’ అని తెనిగిస్తే పాఠకుడు బెదిరిపోతాడు. లోపల పురుగు పడింది, అంటే అనుమానం మొదలైంది అని. తెలుగులో ‘అనుమానం తొలిచేస్తోంది’ అంటే సరిగ్గా సరిపోతుంది, తొలిచేది పురుగే కదా. ‘కుర్త్‌లరినీ దొక్మెక్’ అంటే తన పురుగుల్ని రాల్చుకోవడం, చాలాకాలంగా అణచుకున్న సరదా తీర్చుకోవడం. ‘చెట్టును కుర్త్, మనిషిని దిగులు తింటుంది’ అనే సామెతలో తోడేలు చెట్టు తినదని గుర్తుంటే చాలు. ‘కుర్త్ ముసలిదైతే కుక్కలకు నవ్వులాట’ అనే సామెతలోది తోడేలు. ‘ఎస్కి కుర్త్’, పాత తోడేలు, ఆరితేరిన మనిషి.

ఇంకొకటి. ‘కుర్తులుష్’ (విముక్తి), ‘కుర్తర్మక్’ (కాపాడటం) కనిపిస్తే తోడేలు కోసం వెతకవద్దు. అవి తప్పించుకోవడం అనే వేరే క్రియ నుంచి వచ్చాయి. విముక్తికీ తోడేలుకూ ముడిపెట్టే ఉద్వేగభరితమైన వివరణలు చాలా చలామణిలో ఉన్నాయి, అవన్నీ ధ్వని పోలిక మీద కట్టిన మేడలు.

ప్రశ్న: ఒక జంతువు పేరు ఎక్కడిదో సొంతంగా పరీక్షించాలంటే ఏ క్రమంలో వెళ్లాలి? ఉదాహరణతో చెప్పండి.

ఎద్దును తీసుకుందాం. టర్కిష్‌లో ‘ఒకుజ్’.

మొదట పాత రూపం వెతకాలి, ఇప్పటి రూపంతో మొదలుపెట్టకూడదు. 13వ శతాబ్దానికి ముందటి మాటలకు 1972లో అచ్చయిన జెరార్డ్ క్లాసన్ నిఘంటువు ఉంది. ఒక్క హెచ్చరిక: అందులో మాటలు మామూలు అక్షరక్రమంలో ఉండవు, హల్లుల వరసను బట్టి ఉంటాయి. సూచిక దగ్గర పెట్టుకోకుండా వెతికితే విసుగు తప్పదు.

తర్వాత చువాష్ రూపం. ఎద్దు అక్కడ ‘వకర్’. చివర ‘జ’ బదులు ‘ర’ ఉంది. ఇది పొరపాటు కాదు, నియమం: పిల్ల అనే ‘కిజ్’ చువాష్‌లో ‘ఖెర్’. నియమం ప్రకారమే మారిందంటే మాట చువాష్ విడిపోక ముందటిదని తేలినట్టు. మారకుండా ఉంటే అనుమానించాలి.

మూడోది ఇరుగుపొరుగు. మంగోలులో పశువు ‘ఉకెర్’, హంగేరియన్‌లో ఎద్దు ‘ఒకొర్’. రెండింటా చివర ‘ర’ ఉంది. హంగేరియన్ వాళ్లు ఈ మాటను ఇప్పటి టర్కిష్ వంటి భాష నుంచి కాక, చువాష్ పూర్వరూపం వంటి భాష నుంచి తీసుకున్నారని అక్కడ బయటపడుతుంది.

ఆ తర్వాతే ఇంకా వెనక్కు చూడాలి. ఇప్పటి పశ్చిమ చైనాలోని తారిమ్ నది పరీవాహకంలో ఒకప్పుడు మాట్లాడిన తోఖారియన్‌లో ఎద్దు ‘ఒక్సొ’. దాని సంస్కృత చుట్టం మనకు తెలిసిన ఉక్షం. టర్కిక్ ఎద్దు ఆ తోఖారియన్ కొట్టంలోంచే వచ్చిందని ఒక బలమైన వాదం. చాలామంది ఈ చివరి మెట్టు మీద మొదలుపెట్టి, ఉక్షానికీ ఒకుజ్‌కూ ధ్వని కలిసిందని సంబరపడి అక్కడే ఆగిపోతారు. మధ్య మెట్లు ఎక్కకుండా కుదిరిన పోలికకు విలువ లేదు. గుర్గ్, కుర్త్ విషయంలో జరిగే తప్పు కూడా ఇదే.

ప్రశ్న: టర్కిష్‌లో కోతి ‘మైమున్’. ఇది అరబ్బీ మాటలా ఉంది. తుర్కులకు సొంత మాట లేదా?

పాత మాట ‘బిచిన్’ ఉండేది. పన్నెండు జంతువుల పేర్లతో నడిచే వాళ్ల సంవత్సర చక్రంలో కోతి సంవత్సరం పేరు అదే, కుల్ తెగిన్ శాసనం పూర్తయింది కూడా ఆ బిచిన్ సంవత్సరంలోనే. మైమున్ అరబ్బీలో ‘శుభప్రదమైనది’. కోతి ఎదురైతే అశుభమన్న నమ్మకం వల్ల శుభమని పిలిచారు. తోడేలును తక్కువచేసి పిలిస్తే కోతిని ఎక్కువచేసి పిలిచారు, ఎత్తుగడ ఒకటే.

ప్రశ్న: ఆ శాసనంలో తోడేలు పక్కనే గొర్రె కూడా ఉందంటారు కదా. ‘కొఞ్’ ఏమైంది?

చివరి ‘ఞ’ చాలా భాషల్లో ‘య’గా మారింది. కజక్‌లో ‘కొయ్’, టర్కిష్‌లో ‘కొయున్’. కాష్గరీ కాలంలో అర్గు అనే తెగవాళ్లు ‘కోన్’ అనేవాళ్లట, అంటే కొందరు ఞ లోని అనునాసికాన్ని నిలుపుకున్నారు, కొందరు యకారాన్ని. అంతకు మించి దానికేమీ జరగలేదు. గొర్రె పేరు పలకడానికి ఎవరూ భయపడలేదు మరి.